డెమోలో అన్నీ బాగానే ఉంటాయి: మెయింటెనెన్స్ సాఫ్ట్‌వేర్ ఎంపికలో నా అనుభవం

మా ప్లాంట్‌లో మెయింటెనెన్స్ వివరాలు సగం ఎక్సెల్‌లో, సగం షిఫ్ట్ లాగ్‌బుక్కుల్లో ఉండేవి. అన్నిటినీ ఒకచోటికి తెచ్చే సాఫ్ట్‌వేర్, అంటే సీఎంఎంఎస్, ఎంచుకునే పని నాకు, స్టోర్స్ ఇన్‌చార్జికి, ఒక సీనియర్ ఫిట్టర్‌కి అప్పగించారు. ఇందులో ఫిట్టర్‌కేం పని అని కొందరు గొణిగారు. తీరా చూస్తే అందరికన్నా ఎక్కువ పనికొచ్చింది ఆయనే.

మొదట డెమో ఇవ్వడానికి వచ్చిన సాఫ్ట్‌వేర్ కంపెనీలవాళ్లంతా డాష్‌బోర్డే చూపించారు. రంగురంగుల గ్రాఫులు, ఎంటీబీఎఫ్ (రెండు బ్రేక్‌డౌన్ల మధ్య సగటు సమయం), ఎంటీటీఆర్ (రిపేరుకు పట్టే సగటు సమయం) అంకెలు. మేనేజర్లు ముచ్చటపడిపోయారు. మా ఫిట్టర్ మాత్రం, "ఈ అంకెలన్నీ ఎక్కించేది మేమేగా సార్! అదెలాగో చూపించమనండి ముందు" అన్నాడు.

అక్కడినుంచి డెమో వాళ్లది, బ్రేక్‌డౌన్ మాది. రాత్రి షిఫ్టులో కన్వేయర్ గేర్‌బాక్స్ బేరింగ్ పోయిందనుకోండి అనేవాళ్లం. కంప్లయింట్ రాయడం దగ్గర్నుంచి వర్క్ ఆర్డర్ (ఆ రిపేరు పని నమోదు) మూసేదాకా ఫోన్‌లో చేసి చూపించండి, అదీ నెట్ ఆపేసి. పంప్‌హౌస్‌లో సిగ్నల్ ఉండదు మరి. చాలామంది అక్కడే తడబడ్డారు. ఒకదాంట్లో ఫెయిల్యూర్ కోడ్‌ల (ఎందుకు చెడిందో ఎంచుకునే కోడ్‌ల) జాబితా ఎంత కిందికి జరిపినా తెగలేదు. అర్ధరాత్రి చేతికి గ్రీజుతో ఉన్న మనిషికి అలాంటిది ఇస్తే 'ఇతరములు' నొక్కేసి చక్కాపోతాడు. ఏడాది తిరిగాక రిపోర్టు తీస్తే మెషీన్లన్నీ 'ఇతరములు' వల్లే చెడిపోయినట్టు ఉంటుంది!

షెడ్యూళ్ల సంగతి బ్రోషర్లలో కనబడదు, అడిగి తేల్చుకోవాల్సిందే. 1న చేయాల్సిన నెలవారీ గ్రీజింగ్ 20న చేశామనుకోండి. తర్వాతది మళ్లీ 1నే రావాలా, 20 నుంచి నెల లెక్కపెట్టాలా? చట్టప్రకారం గడువున్న తనిఖీకి తేదీ జరగకూడదు. గ్రీజింగ్ మాత్రం చేసిన రోజునుంచే లెక్కించాలి, లేకపోతే పదిరోజుల తేడాతో రెండుసార్లు పెడతాం. పనిని బట్టి మార్చుకునే వీలుండాలి. స్టాండ్‌బై కంప్రెసర్ ఆయిల్‌కైతే రన్నింగ్ అవర్స్, నెలలు రెండూ పెట్టుకుని ఏది ముందొస్తే అది అనగలగాలి. కొన్నింట్లో క్యాలెండర్ తప్ప ఇంకేమీ లేదు, వాటిని పక్కన పెట్టేశాం.

అసలు చాకిరీ డేటాది. స్టోర్స్ లిస్టులో ఒకే బేరింగ్ '6205 జెడ్‌జెడ్', '6205-2జెడ్', 'బాల్ బేరింగ్ 25 మి.మీ.' అని మూడు ఐటమ్‌లుగా ఉంది. తీసి కొలిస్తే మూడూ ఒకటే: లోపలి వ్యాసం 25, బయటిది 52, మందం 15 మి.మీ., రెండువైపులా రేకు షీల్డు. కంపెనీని బట్టి రాసే తీరు మారుతుంది, అంతే. రబ్బరు సీలుండే 2ఆర్‌ఎస్ కొలతలు కూడా ఇవే, కానీ దాన్ని వీటిలో కలపకూడదు. ఈ తేడా మనిషి కూర్చుని చూడాల్సిందే. 'ఎక్సెల్ ఇవ్వండి, ఎక్కించేస్తాం' అని ధీమాగా చెప్పేవాళ్లను చూస్తే నాకు భయం. చెత్తంతా యథాతథంగా ఎక్కుతుంది. మెషీన్ల వర్గీకరణకు ఐఎస్ఓ 14224 అనే అంతర్జాతీయ ప్రమాణం చూశాం. అది ఆయిల్, గ్యాస్ రంగం కోసం రాసింది కాబట్టి అంతా తీసుకోకుండా సెక్షన్, మెషీన్, మార్చదగిన భాగం దాకా ఆగాం.

ఇక కాంట్రాక్టు. యూజర్‌కి ఇంత అన్నప్పుడు, కంప్లయింట్ మాత్రమే రాసే ఆపరేటర్‌కీ లైసెన్సు కావాలా అని అడిగాం. వద్దనుకుని వెళ్లిపోతే మా హిస్టరీ ఫొటోలతో సహా ఏ రూపంలో చేతికొస్తుందని కూడా. ఒకాయన 'పీడీఎఫ్ ఇస్తాం' అన్నాడు. పీడీఎఫ్‌లు ఏం చేసుకుంటాం?

చివరికి తీసుకున్నదాని డాష్‌బోర్డు సాదాసీదాగా ఉంటుంది, మేనేజర్లకు కాస్త అసంతృప్తే. ఇప్పటికి ఒక్క సెక్షన్‌లోనే నడుపుతున్నాం. స్టోర్స్ లిస్టు శుభ్రపడేదాకా స్పేర్స్ మాడ్యూల్ తెరవొద్దని స్టోర్స్ ఇన్‌చార్జి పట్టుబట్టారు, నేనూ సరేనన్నాను.