పోటు ఎక్కేదాకా కూర్చోవడమే పని

నేను కెమెరా బ్యాగ్ భుజానికి తగిలించుకుంటే చాలు, మా ఆవిడ "మళ్ళీ ఆ బురదలోకేనా" అంటుంది. అవును, ఆ బురదలోకే. కుంభాభిషేకం అంటే బయటి ఊరివాళ్ళు ఏదో గుడి ఉత్సవం అనుకుంటారు గానీ, కాకినాడ వాళ్ళకి అది వేట బోట్లు ఆగే రేవు, దాని పక్కన ఆటుకి బయటపడే బోలెడంత ఒండ్రు. ఎండుచేపల వాసన, డీజిల్ వాసన, ఎగిరే ప్లాస్టిక్ సంచులు, వాటి మధ్య సైబీరియా వైపు నుంచి వచ్చిన పిట్టలు. కోరింగ మడ అడవులు చూడ్డానికి వచ్చేవాళ్ళలో నూటికి తొంభై మంది ఇటు తిరిగి కూడా చూడరు, నాకైతే అదీ మంచిదే.

మొదట్లో నేను అడవికి వెళ్ళినట్టే ఇక్కడికీ తెల్లారగట్ల వెళ్ళేవాణ్ణి. మనది తూర్పు తీరం, సూర్యుడు సముద్రం వైపు నుంచే వస్తాడు, పిట్టలు కూడా అటే ఉంటాయి కాబట్టి ఫోటోలన్నీ నల్లటి బొమ్మల్లా వచ్చేవి, దానికితోడు నీళ్ళు ఎక్కడో దూరంగా ఉండేవి. దగ్గరికి వెళ్దామని ఒకసారి దిగాను. పది అడుగులకి పిక్కల దాకా, ఇంకో పది అడుగులకి మోకాళ్ళ దాకా, కుడి కాలు పైకొచ్చింది గానీ చెప్పు రాలేదు. ఆ గొడవకి తిప్ప మీదున్న పిట్టల గుంపంతా లేచిపోయింది. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న పెద్దాయన తల కూడా ఎత్తకుండా, "ఎందుకు బాబూ అలా దిగబడతారు? పోటెక్కితే అయ్యే ఇటొస్తాయి కదండీ" అన్నాడు.

అంతే అండి, ఈ ఫోటోగ్రఫీలో సగం విద్య ఆ ఒక్క మాటలో ఉంది. నీళ్ళు లేనప్పుడు పిట్టలు ఒండ్రంతా చెదిరి మేస్తుంటాయి. పోటు ఎక్కేకొద్దీ మేత నేల తరిగి, అన్నీ మన కాళ్ళ దగ్గరున్న కాస్త మెరక మీదకి చేరతాయి. పోటు రోజుకి ముప్పావు గంట, యాభై నిమిషాలు వెనక్కి జరుగుతుంది. సాయంత్రమైతే ఎండ మన వీపు వెనక నుంచి పడుతుంది. ఆ సాయంత్రపు ఎండా, ఎక్కుతున్న పోటూ కలిసే రోజులు పదిహేను రోజులకి మూడో నాలుగో దొరుకుతాయి, అందులో మనకి సెలవు ఎన్నిటికుంటుందో మీరే లెక్కేసుకోండి.

మొన్న ఆదివారం కలిసింది. మూడున్నరకే వెళ్ళి, ఒక పాత గోనె పరుచుకుని, లెన్స్ నేలకి జానెడు ఎత్తులో పెట్టి బోర్లా పడుకున్నాను. ముందు చిన్న శాండ్ ప్లోవర్లు వచ్చాయి. నాలుగడుగులు పరుగు, టక్కున ఆగడం, ముక్కుతో ఒక్కసారి పొడవడం, మళ్ళీ పరుగు. (ఇదివరకు లెస్సర్ శాండ్ ప్లోవర్ అని రాసుకుంటే సరిపోయేది, ఇప్పుడు దాన్ని టిబెటన్, సైబీరియన్ అని రెండు జాతులు చేశారు, చలికాలం బూడిదరంగు ఈకల్లో ఏది ఏదో తేల్చమంటే నాకు తలనొప్పే.) తరవాత ఒక కర్ల్యూ, కొడవలిలా వంగిన ముక్కుని సగానికి పైగా ఎండ్రకాయ బొరియలోకి దింపి, మెడ తిప్పి, ఎండ్రకాయని కాలు పట్టి లాగింది. వెంటనే మింగలేదు. విదిలించి విదిలించి కాళ్ళు ఒక్కోటీ రాల్చి, ఒళ్ళు మాత్రం గుటుక్కుమనిపించింది. మా అమ్మ కూరకి ఎండ్రకాయలు బాగుచేసే పద్ధతి గుర్తొచ్చింది.

అయిదింటికి స్కిమ్మర్లు దిగాయి. నలుపు వీపు, తెల్లటి పొట్ట, నారింజ రంగు ముక్కు, అందులో కింది దవడ పై దానికంటే పొడుగు. చంబల్, మహానది లాంటి నదుల ఇసుక తిన్నెల మీద గుడ్లు పెట్టే పిట్టలు ఇవి. ఆ తిన్నెలే కరువవుతున్నాయి, 2020లో వీటిని ప్రమాదంలో ఉన్న జాతుల్లోకి చేర్చారు. అలాంటి పిట్టల్ని ఆ రోజు చెప్పు కోసం లేపేశానే అని ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఈసారి కదల్లేదు. దోమలు కుట్టాయి, గోనె కింద నుంచి తడి ఎక్కింది, అయినా కదల్లేదు. అన్నీ గాలికి ఎదురుగా ముఖాలు పెట్టి నిలబడ్డాయి, కొన్నయితే ముక్కు బరువు మోయలేనట్టు గడ్డం నేలకి ఆనించి పడుకున్నాయి. షట్టర్ వేగం సెకనులో 1/2500 వంతు పెట్టి, తెలుపు కాలిపోకుండా కాస్త చీకటిగా తీశాను, నల్లటి వీపులో వివరం పోతే పోనీ.

అసలు వేట మొదలయ్యేది వెలుగు పోయాకే. సూర్యుడు దిగాక రెండు స్కిమ్మర్లు నీటి మీద వాలీ వాలనట్టు వచ్చి, కింది దవడతో నీళ్ళని గీత గీసుకుంటూ పోయాయి, చేప తగిలితే టప్పున మూయడమే. కెమెరా వెలుగు పట్టే సున్నితత్వం, అంటే ఐఎస్ఓ, 6400కి తోసినా చాలలేదు. వచ్చిన ఫోటోలో పిట్ట ఒక నల్లటి మసక. కానీ నీటి మీద గీత మాత్రం ఈ చివర నుంచి ఆ చివరకి కత్తితో కోసినట్టు పడింది.