నీళ్లు దిగేది ఒకచోట, కారేది ఇంకోచోట

దుబాయ్ నుంచి సెలవు మీద వచ్చిన మూడో రోజే బోరబండలో గట్టి వాన. అమ్మ మంచం మీద చుక్కలు పడుతున్నాయి. "మేస్త్రీ వచ్చి రెండుసార్లు తారు పూసిండు బిడ్డా, అయినా కారుతనే ఉంది" అంది, నెత్తిమీది రేకు చూపిస్తూ.

వాన ఆగాక పైన పలక వేసుకుని ఎక్కాను. తారు పూసిన చోటు వదిలేసి, వాలుకు ఎగువన మూడడుగుల దూరంలో ఉన్న బోల్టు చూశాను. వాషరు ఎండి పగిలిపోయింది. నీళ్లు అక్కడ దిగి, రేకు అడుగునే పాకి, మంచం మీద పడుతున్నాయి.

"నీకెట్ల తెలిసింది మామా?" అన్నాడు అక్క కొడుకు.

ఎనిమిదేళ్లుగా నా పని అదే. దుబాయ్‌లోని జదాఫ్‌లో పడవలు బాగుచేసే యార్డులో ఉంటాను. మన హుస్సేన్ సాగర్‌లో కనబడే చిన్న తెరచాప పడవలు కావవి. లోపల గదులు, వంటిల్లు ఉండే 40 అడుగుల పడవలు. వాటి డెక్కు మీద తాళ్లు కట్టే క్లీట్లు, అంచున మనిషి పడిపోకుండా తీగెల్ని నిలబెట్టే స్టాంచన్లు విరిగితే మారుస్తాను.

కిందటేడు ఒక పడవ గట్టుకు గుద్దుకుని స్టాంచన్ వంగింది. గంటలో అయిపోయే పని అనుకున్నారు. మా మలయాళీ ఫోర్‌మన్ "పహలే సునో" అంటాడు. ముందు విను అని. స్క్రూడ్రైవర్ పిడితో డెక్కు మీద కొడుతూ పోయాను. బాగున్నచోట టక్ టక్‌మంది. స్టాంచన్ చుట్టూ మూగగా మోగింది. ఆ డెక్కు భక్ష్యం లాంటిది. పైనా కిందా ఫైబర్ పొర, మధ్యలో పూర్ణంలా తేలికైన బాల్సా కర్ర. బోల్టు పక్క నుంచి నీళ్లు దిగితే ఆ కర్ర లోలోపలే కుళ్లిపోతుంది. అంతకుముందు ఎవరో పైన సిలికాన్ పూసి పంపేశారు. బోల్టు పీకితే తల తళతళలాడుతోంది, నడుము మాత్రం సన్నగా తినేసి ఉంది. స్టెయిన్‌లెస్ స్టీలైనా గాలి తగలకుండా ఉప్పునీళ్లలో నానితే అంతే. సముద్రంలో ఒక మనిషి ఆ స్టాంచన్‌నే నమ్ముకుని ఒరుగుతాడు కదా అనుకుంటే నాకు ఒళ్లు జలదరించింది.

కుళ్లిన కర్రంతా తోడి, ఆరబెట్టి, ఆ గుంతలో ఎపాక్సీ నింపాం. రెండు ద్రవాలు కలిపితే రాయిలా గట్టిపడే జిగురు అది. అక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదు. ఎపాక్సీకి కూడా ఆ వేడి పడదు, కలిపే గిన్నెలోనే మరిగి గట్టిపడుతుంది. అందుకే మేముండే సోనాపూర్ కూలీల క్యాంపు నుంచి తెల్లవారకముందే బస్సెక్కి వచ్చి కలిపేవాళ్లం. గట్టిపడ్డాక అందులోంచే కొత్త రంధ్రం వేశాం. ఇక బోల్టుకు కర్ర తగలదు. రంధ్రం పైఅంచు కొంచెం వెడల్పు చేసి, బోల్టు మెడకు నీళ్లు దిగకుండా బ్యూటైల్ అనే మెత్తటి బంక రబ్బరు చుట్టాం. పైన బోల్టును కదలనివ్వకుండా నేను పట్టుకుంటే, లోపల వెల్లకిలా పడుకుని ఒక నేపాలీ కుర్రాడు నట్టు తిప్పాడు. బోల్టు తిరిగితే బ్యూటైల్ చిరిగి మళ్లీ దారి ఇస్తుంది. కింద పెద్ద ప్లేటు కూడా వేశాం. లేకపోతే బరువంతా నాలుగు రంధ్రాల మీదే పడుతుంది.

ఇదంతా చెబుతూ రేకు మీద తారు గీకేశాం. పాత వాషరు తీసి కొత్తది వేసి, పానా అల్లుడి చేతికిచ్చాను. వాడు బలమంతా పెట్టబోయాడు.

"ఆగరా, వాషరు అణిగితే చాలు. ఇంకా బిగిస్తే రేకు పగుల్తది."

మిగతా బోల్టులూ చూశాం. ఇంకో నాలుగు అలాగే ఉన్నాయి. అమ్మ కింద నుంచి అన్నానికి పిలుస్తోంది. వాషర్లు పది తెమ్మని వాణ్ని షాపుకి పంపాను.