హెచ్ నొక్కితే ఏమీ లేదంది

ఇంగ్లండ్‌లోని లీడ్స్ వచ్చిన ఏడో నెలలో నేను చేసిన పేజీ మొదటిసారి టెస్టింగ్‌కి వెళ్లింది. ఇంటద్దె సాయానికి దరఖాస్తు పెట్టుకునే పేజీ. చూసేది (చూసేది అనొచ్చో లేదో!) పుట్టుకతో చూపులేని మా టీం ఆవిడ. ఆవిడ ల్యాప్‌టాప్‌లో ఎన్‌వీడీఏ (తెర మీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) ఎంత వేగంగా చదువుతోందంటే, నాకది తిరగమోతలో ఆవాలు చిటపటలాడినట్టే వినిపించింది. తర్వాతి హెడింగ్‌కి దూకడానికి హెచ్ మీట నొక్కారు. 'నో నెక్స్ట్ హెడింగ్' అంది. మళ్లీ నొక్కారు, మళ్లీ అదే.

"ఇంత పొడుగు పేజీకి ఒక్క హెడింగూ లేదా?"

ఎందుకు లేవు? అక్షరాలు పెద్దవి చేసి, బోల్డ్ పెట్టి, నీలం రంగు కూడా వేశాను. కంటికి అవి హెడింగులే, కోడ్‌లో మాత్రం ఉత్త పేరాలు. తర్వాత లింకుల జాబితా తెరిచారు. 'క్లిక్ హియర్' పదకొండుసార్లు. ఏది ఎక్కడికి పోతుందో చెప్పమన్నారు. చేసినవాణ్ణి, నాకే తెలియలేదు.

అక్కడ నోరు జారాను. "మా ఊళ్లో అయితే ఎవరో ఒకరు పక్కన కూర్చుని చదివిపెడతారండీ."

"బ్యాంకు పిన్ కూడానా?" అన్నారు, మామూలుగానే.

ఆ మాట ఇంటిదాకా వెంట వచ్చింది. తెనాలిలో పెదనాన్నకి నీటికాసులతో చూపు పోయింది. చిన్నప్పుడు పేపరు నేనే చదివేవాణ్ణి, ఇప్పుడు పక్కింటి కుర్రాడు చదువుతాడు. బంగారం లాంటి పిల్లాడు. ఆయన ఏటీఎం పిన్, ఓటీపీలు, పెన్షన్ ఎంత పడిందీ అన్నీ వాడికి తెలుసు. పెదనాన్నకి అది ఇష్టమో కాదో మేమెవరం ఎప్పుడూ అడగలేదు. కానీ ఇక్కడ నా పక్కింటాయన పేరేమిటో నాకు తెలియదే! ప్రభుత్వ వెబ్‌సైట్లు అందరికీ అందాలని వీళ్లు 2018లో నిబంధనలు పెట్టుకున్నారంటే, చదివిపెట్టే మనిషి లేకనేమో అని రాత్రంతా నాలో నేనే వాదించుకున్నాను. మనకీ 2016లోనే దివ్యాంగుల హక్కుల చట్టం వచ్చిందని గుర్తొచ్చి ఆ వాదన కాస్త చల్లబడింది.

హెడింగులకి సరైన ట్యాగులు పెట్టి, 'క్లిక్ హియర్' తీసేసి 'అద్దె రశీదు జతచేయండి' లాంటి మాటలు రాయడం ఒక్కపూట పని. ఈసారి ఆవిడ హెచ్ నొక్కుకుంటూ అర నిమిషంలో చివరికొచ్చేశారు. మెచ్చుకోలు ఏమీ లేదు, తర్వాతి పేజీ తెరిచారు.

ఆదివారం పెదనాన్న ఫోన్. ఫోన్‌లో ఉన్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ నేర్చుకున్నారట. కాలనీ సంఘం పంపిన పీడీఎఫ్ తెరిస్తే "ఏవో ఇంగ్లిష్ అక్షరాలు వాగుతోందిరా, ఇదేం భాష?" అన్నారు. తెప్పించుకుని చూశాను. పాత అను ఫాంటు. కంటికి చక్కని తెలుగు, లోపలంతా అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు. కూర్చుని రెండు పేజీలూ యూనికోడ్‌లో, అంటే లోపల కూడా తెలుగు అక్షరాలే ఉండేలా, కొట్టి పంపాను.

కాసేపటికి మళ్లీ ఫోన్. "బానే చదువుతోందిరా. అయినా ఇంత కొట్టేబదులు నువ్వే చదివి వినిపించొచ్చు కదా, పదినిమిషాలు మాట్లాడినట్టుండేది."