మారుతి 800: రెండో సిలిండర్‌లో ఠక్కు ఇంకా తేలలేదు

ట్యాపెట్లు (వాల్వుల దగ్గరి సందులు) మళ్లీ సరిచేశాను. చల్లటి ఇంజన్ మీద ఇన్‌లెట్ 0.15, ఎగ్జాస్ట్ 0.20 మిల్లీమీటర్లు. పైనుంచి వచ్చే టకటక పోయింది, ఐడిల్ (యాక్సిలరేటర్ నొక్కనప్పటి వేగం) 900 ఆర్‌పీఎమ్ దగ్గర కుదురుకుంది. కానీ లోపలి ఆ బరువైన ఠక్కు మాత్రం అలాగే ఉంది. విజయనగరంలో బయల్దేరినప్పుడు వినీ వినబడనట్టు ఉండేది, శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కేసరికి అద్దాలు మూసుకున్నా వినిపించేస్తోంది. కడుపు మండిపోతోంది.

ముందు పెట్రోలు మీద అనుమానం తీర్చుకున్నాను. ఘాట్‌లో బరువు మీద వచ్చేది గిలక్కాయలా గలగలమనే డిటొనేషన్ (పెట్రోలు అదుపు తప్పి పేలడం) అయితే టైమింగ్ (స్పార్క్ పడే సమయం) వెనక్కి తీస్తే తగ్గి తీరాలి, పైగా అది ఐడిల్‌లో వినిపించదు. ఇది ఐడిల్‌లోనూ ఉంది. టైమింగ్ రెండు డిగ్రీలు తగ్గిస్తే ఠక్కు కొంచెం మెత్తబడిందే గానీ పోలేదు, ఎక్స్‌పీ95 (95 ఆక్టేన్ పెట్రోలు) కొట్టిస్తే ఏ మార్పూ లేదు. పెట్రోల్లో కలిపే ఇథనాల్ వల్లే కొడుతోందని చాలామంది అంటున్నారు, నేను ఒప్పుకోను. ఇథనాల్ ఆక్టేన్‌ను, అంటే డిటొనేషన్‌ను తట్టుకునే గుణాన్ని, పెంచుతుంది. దానివల్ల పాత బండ్లలో పాడయ్యేవి రబ్బరు పైపులూ కార్బ్యురేటర్ వాషర్లూ.

ఇక శబ్దాన్ని కొలిచాను. ఫోన్‌లో రికార్డు చేసి వేవ్‌ఫామ్ పెద్దది చేసి చూశాను. 900 ఆర్‌పీఎమ్‌లో క్రాంక్ (పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసు) ఒక చుట్టు తిరగడానికి సుమారు 67 మిల్లీసెకన్లు. నా ఠక్కులు 133 మిల్లీసెకన్లకొకటి పడుతున్నాయి, అంటే రెండు చుట్లకు ఒకటి. అది క్యామ్ (వాల్వులు తెరిచే ఇరుసు, క్రాంక్‌లో సగం వేగం) వేగంతో తిరిగేదైనా కావాలి, ఒక్క సిలిండర్ పవర్ స్ట్రోక్‌లో పడే దెబ్బైనా కావాలి. క్యామ్ వేగంతో కదిలేవాటిలో వాల్వులు కాక ముఖ్యంగా అనుమానించాల్సింది మెకానికల్ ఫ్యూయల్ పంపు. దాన్ని తీసేసి, మూత వేసి, కాసేపు సీసాలోంచి పెట్రోలు అందించాను (అగ్నిమాపక సిలిండర్ పక్కన లేకుండా ఎవరూ చెయ్యొద్దు). శబ్దం అదే. పంపు నిర్దోషి.

తర్వాత ఒక్కో సిలిండర్‌లో మంట ఆపి చూడటానికి ప్లగ్ వైర్లు ఒక్కొక్కటే తీసి ఎర్త్ చేశాను. ఒకటి, మూడు తీసినప్పుడు ఠక్కు తగ్గలేదు. రెండోది తీయగానే వేవ్‌ఫామ్‌లో ఆ శిఖరం సగానికన్నా కిందికి పడిపోయింది. జాడ ఇక్కడ దొరికింది, చిక్కు కూడా ఇక్కడే మొదలైంది. ఇలా తగ్గేవి మూడు: బిగ్ ఎండ్ బేరింగ్ (కనెక్టింగ్ రాడ్ క్రాంక్‌కి తగిలే చోటు), గజన్ పిన్ (రాడ్‌ని పిస్టన్‌కి కలిపే పిన్), పిస్టన్ స్లాప్ (వదులైన పిస్టన్ సిలిండర్ గోడకి కొట్టుకోవడం).

పిస్టన్ స్లాప్ అయితే చల్లగా ఉన్నప్పుడు గట్టిగా ఉండి, వేడెక్కాక తగ్గాలి. ఇక్కడ అంతా తలకిందులు. అయినా ప్లగ్ రంధ్రంలోంచి సిరంజితో 10 మిల్లీలీటర్ల ఆయిల్ వేసి స్టార్ట్ చేశాను. పొగ తప్ప మార్పు లేదు. మూడు సిలిండర్ల కంప్రెషన్ 11.5, 11, 11.5 కేజీలు (చదరపు సెంటీమీటరుకు), బాగానే ఉంది.

బిగ్ ఎండ్ అనుకుందామంటే, ఆయిల్ ప్రెషర్ స్విచ్ తీసి గేజ్ బిగించి చూసినప్పుడు వేడి మీద ఆయిల్ ప్రెషర్ ఐడిల్‌లో 1.4, 3000 దగ్గర 3.6 కేజీలు చూపించింది. ఆయిల్ ఫిల్టర్ కోసి కాగితం మడతలన్నీ విప్పి ఎండలో పరిచాను. మసి తప్ప, బేరింగ్ అరిగితే వచ్చే మెరిసే రజను కనబడలేదు. ఒక్క బేరింగే అరిగితే ప్రెషర్ పెద్దగా పడకపోవచ్చు, కాబట్టి దాన్ని పూర్తిగా కొట్టెయ్యలేను. కానీ పొడవాటి స్క్రూడ్రైవర్ పిడి చెవికి ఆనించి వింటే సంప్ (ఇంజన్ అడుగున ఆయిల్ తొట్టి) దగ్గరకన్నా బ్లాకు నడుమ గట్టిగా ఉంది. అందుకే నా ఓటు గజన్ పిన్‌కే. వేడికి పిస్టన్ అల్యూమినియం వ్యాకోచించి పిన్ రంధ్రం వదులవుతుంది, ఠక్కు పెరగడానికి కారణం ఇదీ సరిపోతుంది.

మా వీధి మెకానిక్ వినగానే "ఇంజన్ దించీడమే బావూ" అన్నాడు. ఆయన చెవి మీద నాకు గౌరవమే, కానీ సంప్ విప్పి చూడకుండా ఇంజన్ దించడం నాకు ఇష్టం లేదు. ఇంజన్ ఆయిల్లో చిక్కటి అడిటివ్ పోయమని ఇంకొకరి సలహా. శబ్దం కప్పేసే మందు పోస్తే వెతకడానికి ఏమీ మిగలదు. ఇంకా చిక్కటి 20డబ్ల్యూ-50 ఆయిల్ కూడా ఇప్పుడే వెయ్యను, 20డబ్ల్యూ-40 మీదే ఉంచుతాను.

ఈ వారాంతం సంప్ దించుతాను. రెండో కనెక్టింగ్ రాడ్ పట్టుకుని పైకీ కిందికీ లాగి చూసి, క్యాప్ విప్పి ప్లాస్టిగేజ్ (బేరింగ్ సందు కొలిచే మెత్తటి దారం) పెట్టి, ఒకటో దానితో పోల్చుతాను. బేరింగ్ బాగుంటే హెడ్ తీసి పిస్టన్‌ని లేత్ షాపుకి పట్టుకెళ్లాలి. పిస్టన్ మార్చాల్సి వస్తే మూడూ తూచి బరువు సరిచూశాకే వేస్తాను, ఎలాగూ విప్పుతున్నా కాబట్టి టైమింగ్ బెల్టు కూడా మార్చేస్తాను. కార్బ్యురేటర్ జెట్ల పని దాని తర్వాతే. సంప్ గ్యాస్కెట్, సీలెంట్ తెచ్చి పెట్టుకున్నాను, ప్లాస్టిగేజ్ ఇక్కడ దొరకలేదు, విశాఖ నుంచి రావాలి.