రెల్‌టోల్ పెంచకు తమ్మీ

చలికాలంలో మ్యూనిక్‌కీ హైదరాబాద్‌కీ నాలుగున్నర గంటల తేడా. నేను మధ్యాహ్నం తిని సీటుకొచ్చే వేళకి గచ్చిబౌలి టీమ్‌లో కుర్రాళ్లు ఇంటికెళ్లే తొందరలో ఉంటారు. ఫోన్లు అప్పుడే వస్తాయి.

"అన్నా, పొద్దటి సంది రన్ పెడ్తున్న, డీసీ కన్వర్జ్ అయితలేదు. రెల్‌టోల్ పెంచాల్నా?" సర్క్యూట్‌లో స్థిరపడిన వోల్టేజీలు ఎంతో సిమ్యులేటర్ తేల్చలేకపోతోందని వాడి గోల.

పెంచకు తమ్మీ. స్పైస్ అంటే సర్క్యూట్ ఎలా పనిచేస్తుందో కంప్యూటర్‌లో లెక్కకట్టే సిమ్యులేటర్. అందులో ఎంత తప్పుని సరే అనుకోవాలో చెప్పేది రెల్‌టోల్, మామూలుగా 0.001 ఉంటుంది. పెంచితే సర్క్యూట్ బాగుపడదు, సిమ్యులేటర్ ఇంకాస్త పెద్ద తప్పుకి కూడా సరే అంటుంది, అంతే. ముందు ఏ నోడ్ (వైర్లు కలిసే చోటు) దగ్గర వోల్టేజీ కుదురుకోవట్లేదో చూడు.

ఈ మాట నేను ఇక్కడి సీనియర్ల దగ్గర నేర్చుకున్నది. ఏ ఆప్షన్ మార్చావని వాళ్లు అడగరు. కాగితం తీసి ఆ నోడ్ దగ్గర కరెంట్ల సమీకరణం రాస్తారు. మన పిల్లలు అమీర్‌పేటలో టూల్ నేర్చుకుని చకచకా నడిపేస్తారు. దాని లోపల ఏం జరుగుతుందో వాళ్లకి ఎవరూ చూపించకపోవడమే నాకు బాధ.

చూపించడానికి 5 వోల్టుల బ్యాటరీ, 1 కిలో ఓమ్ రెసిస్టర్, ఒక డయోడ్ వరసగా కలిపితే చాలు. డయోడ్ సాచురేషన్ కరెంట్ (తిరగేసి పెట్టినప్పుడు పారే అతి చిన్న కరెంట్) 10⁻¹⁴ ఆంపియర్లు అనుకుందాం. జవాబు వెతకడానికి స్పైస్ వాడే న్యూటన్-రాఫ్సన్ పద్ధతి, వోల్టేజీకి కరెంట్ ఎలా మారుతుందో చూపే వంపు మీద స్పర్శరేఖ గీసి, అది చూపిన చోటికి వెళ్లి, అక్కడ మళ్లీ గీస్తుంది. సున్నా వోల్టుల దగ్గర డయోడ్ వంపు దాదాపు చదును. అందుకే మొదటి అడుగే డయోడ్ వోల్టేజీని 5కి విసిరేస్తుంది. అక్కడ ఎక్స్‌పొనెన్షియల్ లెక్క కడితే కరెంట్ సుమారు 10⁷⁰ ఆంపియర్లు! అక్కడి నుంచి అడుగుకి 26 మిల్లీవోల్టుల చొప్పున దిగుతూ అసలు జవాబు 0.69 వోల్టులకి చేరాలంటే 160 అడుగులు దాటుతాయి. స్పైస్ మామూలుగా 100 దగ్గరే ఆపేస్తుంది. ఇలా కాకుండా ఉండాలనే అది జంక్షన్ వోల్టేజీ ఒక్క అడుగులో ఎంత దూకవచ్చో హద్దు పెడుతుంది.

అదీ చాలకపోతే సోర్స్ స్టెప్పింగ్. సప్లైని సున్నా నుంచి కొద్దికొద్దిగా పెంచుతూ, ప్రతిసారీ కిందటి జవాబు నుంచే మొదలుపెట్టడం. జీమిన్ స్టెప్పింగ్‌దీ ఇదే దారి, అక్కడ సప్లైకి బదులు నోడ్‌లకి అదనంగా తగిలించిన కండక్టెన్స్‌ని కొద్దికొద్దిగా తగ్గిస్తారు.

కన్వర్జ్ అయినంత మాత్రాన నమ్మకూడదు కూడా. ఒక బిట్‌ని గుర్తుంచుకునే ఫ్లిప్‌ఫ్లాప్‌కి మూడు డీసీ జవాబులుంటాయి. మధ్యది గణితానికి సరే, బోర్డు మీద మాత్రం నిలవదు. వేడి మారినా ఒకే వోల్టేజీ ఇచ్చే బ్యాండ్‌గ్యాప్ రిఫరెన్స్ సర్క్యూట్ అయితే కరెంటే లేని స్థితిలోనూ సమీకరణాలకి సరిపోతుంది. దాన్ని ఆ స్థితి నుంచి బయటికి నెట్టే స్టార్టప్ సర్క్యూట్ పెట్టేది అందుకే.

స్పైస్‌ని బర్క్‌లీలో రాసింది లారీ నాగెల్ అనే విద్యార్థి, ప్రొఫెసర్ డొనాల్డ్ పెడర్సన్ దగ్గర. 1973లో బయటికొచ్చింది. ఇప్పుడు దాని వారసుడు ఎన్‌జీస్పైస్ ఉచితం, సోర్స్ కోడ్‌తో సహా. సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు ఈ తమ్ముళ్లని ఒక పూట కూర్చోబెడతాను. ఆ డయోడ్ లెక్క ముందు చేత్తో చేయించి, తర్వాత కోడ్‌లో వోల్టేజీకి హద్దు పెట్టే ఆ నాలుగు లైన్లూ వెతికించాలి.