ఇంటర్న్‌షిప్ అయిపోయింది

1998లో హైదరాబాద్‌లో మొదలైన మైక్రోసాఫ్ట్ డెవలప్‌మెంట్ సెంటర్‌లో నా ఇంటర్న్‌షిప్ నిన్నటితో పూర్తయింది. గచ్చిబౌలి క్యాంపస్ ఎలా ఉందని అందరూ అడుగుతున్నారు. చాలా బాగుంది. నేను బాగా మిస్సయ్యేది మాత్రం కోడ్ రివ్యూలే, అంటే మనం రాసిన కోడ్‌ని టీమ్‌లో వేరేవాళ్లు చదివి కామెంట్లు పెట్టడం. నేను రాసిన చిన్న ఫంక్షన్ కింద మా మెంటర్ ఒకే కామెంట్ పెట్టారు: "లిస్ట్ ఖాళీగా వస్తే?" దానికి టెస్ట్ రాస్తుంటే ఇంకో బగ్ బయటపడింది! కాలేజీలో ప్రోగ్రామ్ రన్ అయితే చాలు, మార్కులు పడేవి. ఇక్కడ మనం రాసింది ఇంకొకరు చదివి మార్చగలిగేలా ఉండాలి.

ఫుల్‌టైమ్ ఇంటర్వ్యూలో గ్రాఫ్ (నోడ్‌లు అనే బిందువులను గీతలతో కలిపిన నెట్‌వర్క్) మీద ప్రశ్న అడిగారు. టెన్షన్‌తో చేతులు చల్లబడ్డాయి. అయినా ఆలోచిస్తున్నదంతా పైకి చెబుతూ బీఎఫ్ఎస్ (దగ్గరి నోడ్‌ల నుంచి మొదలుపెట్టి దూరపు వాటికి వెళ్తూ వెతికే పద్ధతి) రాశాను. "నోడ్‌లు కోట్లలో ఉంటే?" అన్నారు ఇంటర్వ్యూయర్. అక్కడి నుంచి ఇద్దరం కలిసి పని చేస్తున్నట్టే అనిపించింది. రిజల్ట్ ఇంకా రాలేదు.

జూనియర్లూ, లీట్‌కోడ్‌ (కోడింగ్ ప్రశ్నలు ప్రాక్టీస్ చేసే వెబ్‌సైట్)తో పాటు మీ ప్రాజెక్టు గురించి నోటితో వివరించడం కూడా ప్రాక్టీస్ చేయండి. రెజ్యూమేలో ప్రతి లైన్ మీదా అడుగుతారు.