బడికి శిలాఫలకం, మాస్టార్లకు జ్ఞాపికలు చేయించిన పని: నా అనుభవం

మా ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో 1984–85లో పదో తరగతి చదివిన మేమంతా తలా కొంత వేసుకుని బడిలో లైబ్రరీ గదిని బాగుచేయించాం. పైకప్పు, గచ్చు, బీరువాలు, పుస్తకాలు అన్నీ అయ్యాక, 2025 సంక్రాంతికి ముందు ఆదివారం, జనవరి 12న అందరం కలుసుకుని గదిని బడికి అప్పగించాలనుకున్నాం. పండక్కి ఎటూ అందరూ ఊళ్ళకు వస్తారు. గోడకు దాతల పేర్లతో శిలాఫలకం, ఇప్పటిదాకా పనిచేసిన హెడ్‌మాస్టర్ల పేర్ల బోర్డు, స్టేజీ మీదికి బ్యానరు, మాకు చదువు చెప్పినవాళ్ళకు జ్ఞాపికలు కావాలి. మా బ్యాచ్‌లో ఒంగోల్లో ఉండేది నేనే కాబట్టి ఇవన్నీ చేయించే బాధ్యత నాకు అప్పగించారు. ఇలాంటి పని నెత్తినేసుకున్న వేరే బ్యాచ్‌లవాళ్ళు ఇప్పుడు నన్ను అడుగుతున్నారు. అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక పెద్ద షోరూముకు వెళ్ళాను. అద్దాల బీరువాల నిండా క్రిస్టల్ షీల్డులు, మెరిసే కప్పులు ఉన్నాయి. మ్యాటర్ వాట్సాప్‌లో పెట్టండి, మిగతాది మేం చూసుకుంటాం అన్నారు. తెలుగు ఎవరు టైపు చేస్తారు, ఎవరు దిద్దుతారు అని అడిగితే అక్కడున్నవాళ్ళెవరూ నిలకడగా జవాబు చెప్పలేదు. పేర్లే ముఖ్యమైన పనికి ఆ జవాబు లేకపోతే ఎలా? బయటికొచ్చేశాను.

తర్వాత తెలిసినవాళ్ళు చెబితే ట్రంకు రోడ్డు వెనక సందులో ఒక చిన్న షాపుకు వెళ్ళాను. రెండు గదులు. ముందు గదిలో కంప్యూటరు, స్టిక్కర్ కటింగ్ మిషను, గోడకు ఆనించిన వినైల్ రోల్స్. వెనక గదిలో లేజర్ మిషను. యజమానికి అరవై దాటి ఉంటాయి. ఒకప్పుడు బ్రష్షుతో షాపుల బోర్డులు రాసినాయన. ఫ్లెక్సీలు వచ్చాక మిషన్లు కొనుక్కుని నిలబడ్డారు. నేనిచ్చిన కాగితం తీసుకుని, రేటు మాట ఎత్తకముందే, పేర్లన్నీ పైకి చదివారు. రెండు పేర్ల దగ్గర ఆగి, "అమ్మా, ఇది విశ్వనాథమా, విశ్వనాధమా? వాళ్ళు ఎలా రాసుకుంటారో కనుక్కోండి" అన్నారు. పని ఇక్కడే ఇవ్వాలని అప్పుడే అనుకున్నాను.

ఆయన దాచకుండా చెప్పిన ఇంకో సంగతి కూడా నాకు నచ్చింది. డిజైను, స్టిక్కర్, లేజర్, పేర్లు చెక్కడం తన దగ్గరే చేస్తారు. బ్యానరు ప్రింటింగు బయట. రాయి చెక్కడం చీమకుర్తి రోడ్డులో ఒక యార్డులో. చిన్న షాపులన్నీ దాదాపు ఇంతే. అందులో తప్పేమీ లేదు. కానీ ఏ పని ఎక్కడ జరుగుతుందో మనకు తెలిసి ఉండాలి. డిసెంబరులో ప్రింటింగు వాళ్ళంతా క్యాలెండర్లు, డైరీల హడావిడిలో ఉంటారు. భోగికి ముందే రాతి పనివాళ్ళు ఊళ్ళకు వెళ్ళిపోతారు. ఈ రెండూ ఆయన మొదటిరోజే చెప్పారు కాబట్టి రాయిని ముందు పెట్టుకుని, బ్యానరును చివరికి వదిలాం.

ఇక పేర్లు. అసలు పని మొత్తంలో ఎక్కువ సమయం తీసుకున్నది ఇదే. ఎవరెంత ఇచ్చారో రాయాలని కొందరు, వద్దని కొందరు. వద్దనే నా అభిప్రాయం. రేపు ఆ గదిలో చదువుకునే పిల్లకు ఆ అంకెలతో పనిలేదు. పైగా తక్కువ ఇవ్వగలిగినవాళ్ళు ఆ గోడ దగ్గర నిలబడటానికి ఇబ్బంది పడకూడదు. చివరికి అంకెలు లేకుండా, ఇంటిపేర్ల అకారాది క్రమంలో వేయాలని తేలింది. హోదాలు కూడా తీసేశాం. డాక్టరు, ఇంజనీరు, రైతు అందరూ ఆ బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళే. మా క్లాసులో చనిపోయిన ఒకతని పేరున అతని భార్య డబ్బు పంపింది. పేరు ముందు కీ.శే. వేయాలా అని ఫోన్ చేసి అడిగితే, "వద్దు వదినా, అందరి పేర్లలాగే ఉండనివ్వండి" అంది. అలాగే ఉంచాం.

పేర్లను టైపు చేసి పంపమని ఎవరినీ అడగలేదు. ఎవరి పేరు వాళ్ళనే కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఫోటో తీసి పంపమన్నాను. ఫోన్లో టైపు చేస్తే కీబోర్డు సూచించిన పేరే చాలామంది నొక్కేస్తారు. చేత్తో రాసేటప్పుడు సొంత పేరు తప్పు రాయరు. ఇంటిపేరు పూర్తిగా ఉండాలా, పొడి అక్షరం చాలా అన్నదీ ఆ కాగితంతోనే తేలిపోయింది.

టైపింగు దగ్గర చాలామందికి తెలియని చిక్కు ఒకటుంది. మనం వాట్సాప్‌లో పంపే తెలుగు యూనికోడ్, అంటే ఏ ఫోన్లోనైనా అవే అక్షరాలుగా కనిపించే పద్ధతి. డీటీపీ (కంప్యూటర్ టైపింగు) షాపుల్లో ఏళ్ళ తరబడి వాడుతున్నవి అను అనే ఫాంట్లు, వాటి పద్ధతి వేరు. కోరల్‌డ్రా, ఫోటోషాప్ లాంటి డిజైను సాఫ్ట్‌వేర్ల పాత వెర్షన్లలో యూనికోడ్ తెలుగును అతికిస్తే ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి. లక్ష్మి అన్న పేరులో క కింద ష, దాని కింద మ రావాలి. అది మూడు ముక్కలై కనిపిస్తుంది. అందుకని ఆపరేటర్లు మళ్ళీ మొదటినుంచి టైపు చేస్తారు, లేదా కన్వర్టర్‌లో వేసి మారుస్తారు. ఎలా చేసినా మనం పంపిన అక్షరాలు ఉన్నవి ఉన్నట్టు రాయి మీదికి వెళ్ళవు. మధ్యలో ఒక చెయ్యి మారుతుంది. కాబట్టి మనం దిద్దాల్సింది మనం పంపిన మ్యాటర్‌ను కాదు, వాళ్ళ కంప్యూటర్లో తయారైన చివరి ఫైలును. నేను ఆ ఆపరేటర్ కుర్రాడి పక్కన కుర్చీ వేసుకుని, చేతిరాత ఫోటోలు ఒక్కొక్కటి తీసి సరిచూశాను. "ఆంటీ, ఇంత ఓపిగ్గా ఎవరూ కూర్చోరు" అన్నాడు. అతనికీ ఓపిక తక్కువేం కాదు, ప్రతి పేరూ నాతోపాటు చదివాడు.

అక్షరాల రూపం గురించి కూడా చెప్పాలి. కొత్త సాఫ్ట్‌వేర్ ఉన్న షాపు అయితే మండలి, సూరన్న, రామభద్ర లాంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. రామభద్ర బాగా లావు. పెద్ద శీర్షికకు నప్పుతుంది గానీ చిన్న పేర్లకు పనికిరాదు, లోపలి ఖాళీలు మూసుకుపోతాయి. రాయికి గీత మరీ సన్నగా ఉండకూడదు, మరీ లావుగా ఉండకూడదు. అక్షరం ముప్పావు అంగుళం కన్నా తగ్గకూడదని షాపాయన పట్టుబట్టారు. వరసల మధ్య ఖాళీ కూడా ఇంగ్లిషు బోర్డుకన్నా ఎక్కువ వదలాలి. పై వరసలో ఒత్తు, కింది వరసలో గుడి ఒకదాన్నొకటి తగిలితే రెండు పేర్లూ చదవడం కష్టం.

రాయి విషయంలో మావాళ్ళంతా గెలాక్సీ అనే నల్ల గ్రానైటు అన్నారు. చీమకుర్తి పక్కనే ఉంది, ప్రపంచమంతా ఎగుమతయ్యే రాయి, మన జిల్లాదే వేయిద్దాం అని. నాకూ అదే ఇష్టం. షాపాయన మాత్రం ఒక గెలాక్సీ ముక్కను, ఒక ఉత్త నల్లరాయి ముక్కను తెచ్చి, రెండిటి మీదా బంగారు రంగు అక్షరాల స్టిక్కర్ అంటించి గుమ్మం దగ్గర ఎండలో పెట్టారు. గెలాక్సీలో సహజంగా ఉండే బంగారు చుక్కలు అక్షరాలతో కలిసిపోయాయి. నాలుగడుగుల దూరం నుంచి చిన్న పేర్లు ఆనలేదు. గచ్చుకూ అరుగుకూ అది అందమైన రాయి. పేర్లకు మాత్రం ఉత్త నలుపే మేలు. ఆ ఫోటో గ్రూపులో పెట్టాక ఎవరూ మారుమాట అనలేదు. అక్షరాల్లో రంగు కూడా బంగారం బదులు తెలుపు ఎంచుకున్నాం, దూరానికి బాగా కనిపిస్తుందని.

మూడడుగులు వెడల్పు, రెండడుగులు ఎత్తు. ఆ కొలతకు సరిగ్గా ఒకటికి ఒకటిగా కాగితం మీద ప్రింటు తీయించి, బడికి తీసుకెళ్ళి లైబ్రరీ గుమ్మం పక్కన గోడకు అంటించాం. ఫోన్లో బాగా కనిపించిన డిజైను గోడ మీద వేరేగా ఉంటుంది. పిల్లల కంటి ఎత్తుకు దించాలని హెడ్‌మాస్టరు గారు అక్కడే నిలబడి చెప్పారు. కింద ఉన్న పేర్లు కూడా అప్పుడు బాగా చదవగలిగాం. ఈ కాగితానికి అయ్యే ఖర్చు చాలా తక్కువ. ఎవరూ వదులుకోవద్దు.

రాయి చెక్కే పద్ధతి చూడటానికి యార్డుకు కూడా వెళ్ళాను. రాయి మీద మందపాటి స్టిక్కర్ అంటిస్తారు. అందులో అక్షరాల మేర కోసి తీసేస్తారు. తర్వాత గాలి ఒత్తిడితో గరుకు పొడిని రాయి మీదికి కొడతారు. స్టిక్కర్ ఉన్నచోట రాయి అలాగే ఉంటుంది, తీసేసినచోట తరుగుతుంది. ఆ గుంటల్లో రంగు నింపి, ఆరాక స్టిక్కర్ లాగేస్తారు. ఇక్కడ తెలుగుకు ప్రత్యేకంగా ఒక గండం ఉంది. ధ కింద ఉండే చిన్న గీత, థ పొట్టలో ఉండే చుక్క చాలా చిన్న ముక్కలు. స్టిక్కర్లో వాటిని తీయడం మరిచిపోతే ధనలక్ష్మి దనలక్ష్మి అవుతుంది. విశ్వనాథంలో థ కాస్తా ద అయిపోతుంది. మా పలకలో సరిగ్గా అలాంటివి రెండుచోట్ల తీయకుండా మిగిలిపోయాయి. పొడి కొట్టకముందే చూశాం కాబట్టి పనివాడు చిన్న కత్తి మొనతో క్షణంలో తీసేశాడు. కొట్టిన తర్వాత చూసి ఉంటే కొత్త రాయి కొనాల్సిందే. రాయి పని చేయించేవాళ్ళకు నేను చెప్పేది ఇదే: స్టిక్కర్ అంటించాక, చెక్కకముందు, యార్డుకు వెళ్ళి ఒక్కో పేరూ వేలు పెట్టి చదవండి. దిద్దుకోవడానికి అదే ఆఖరి అవకాశం.

హెడ్‌మాస్టర్ల బోర్డు సులువుగా అయిపోయింది. స్కూలు రికార్డులో ఉన్న పేర్లు, పనిచేసిన సంవత్సరాలు వేసి, రాబోయేవాళ్ళకు కింద ఖాళీ వదిలాం. శీర్షికకు ఎత్తుగా కనిపించే అక్షరాలు సన్‌బోర్డులో కావాలని అడిగితే, అది పీవీసీ అనే ప్లాస్టిక్ అనీ, లేజర్‌లో పెడితే క్లోరిన్ కలిసిన ఘాటు పొగ వచ్చి మనిషికీ మిషనుకూ చేటు అనీ చెప్పి, అక్రిలిక్‌లో కోసిచ్చారు.

జ్ఞాపికల గురించి మా టీచర్లలో ఒకరిని ముందే అడిగాను. పెద్దావిడ, మొహమాటం లేకుండా చెప్పారు: "అమ్మాయ్, ఇంట్లో షీల్డులు పెట్టడానికి చోటు లేదు. రిటైరైన రోజు వచ్చినవే అటక మీదున్నాయి." అందుకని షీల్డుల ఆలోచన మానేసి ఇత్తడి పళ్ళేలు కొన్నాం. దేవుడి దగ్గరో, తాంబూలానికో వాడుకుంటారు. మన ఇళ్ళల్లో పెళ్ళికిచ్చే గిన్నెల మీద పేరు, తేదీ కొట్టించే అలవాటు ఉండనే ఉంది. మా అమ్మ వంటింట్లో గిన్నెలన్నిటికీ ఎవరిచ్చారో రాసి ఉండేది. ఏ గిన్నె ఎవరి చేతిదో ఆవిడ చదవకుండానే చెప్పేది.

షాపులో ఉన్న లేజర్ చెక్కకూ అక్రిలిక్‌కూ పనికొచ్చే రకం. ఇత్తడి మీద దానితో గీత పడదు. లోహానికి వేరే రకం, ఫైబర్ లేజర్ కావాలి. దానికోసం విజయవాడ పంపిస్తానన్నారు షాపాయన. నేను చేతి మిషనుతోనే కొట్టమన్నాను. కరెంటుతో అదిరే సన్నని మొన ఉన్న ఆ పనిముట్టుతో ఆయన స్వయంగా కూర్చుని, పళ్ళెం అంచు వెంబడి మాస్టారి పేరు, కింద మా బ్యాచ్ సంవత్సరం చుక్కలు చుక్కలుగా కొట్టారు. ముందు పెన్సిలుతో గీసుకుని, అక్షరాలు వంపు తిరిగేచోట పళ్ళేన్ని తిప్పుతూ, మొనను మాత్రం కదలనివ్వకుండా పట్టుకున్నారు. ఏళ్ళ తరబడి బ్రష్షు పట్టిన చెయ్యి అని చూస్తేనే తెలిసిపోయింది. ఒక్కో పళ్ళెంలో అక్షరం ఒక్కోలా ఒదిగింది. లేజర్‌తో అయితే ఆ తేడా వచ్చేది కాదు, నాకు ఆ తేడాయే నచ్చింది.

బ్యానరు దగ్గర నాకు పట్టుదల ఉంది. ఫ్లెక్సీ వద్దన్నాను. 2022 జూలై 1 నుంచి దేశమంతటా 100 మైక్రాన్ల (మిల్లీమీటరులో పదో వంతు) కన్నా పల్చటి ప్లాస్టిక్, పీవీసీ బ్యానర్లు నిషేధం. మందపాటిది దొరుకుతుంది, గుడ్డకన్నా చవక కూడా. కానీ ఒక్కపూట కట్టి తీసేసే దాన్ని తర్వాత ఏం చేస్తాం? తగలబెడితే విషపు పొగ, పారేస్తే కాలవలో అడ్డం. గుడ్డ మీద ప్రింటు వేసేవాళ్ళు ఒంగోల్లో అప్పటికి మాకు దొరకలేదు. షాపాయన గుంటూరుకు ఫైలు పంపి తెప్పించారు. నాలుగు రోజులు ఆలస్యమైంది, టెన్షన్ పడ్డాను గానీ శనివారం సాయంత్రానికి వచ్చేసింది. దాని మీద ఫోటోలు ఏవీ వేయలేదు, బడి పేరు, సందర్భం, తేదీ మాత్రమే. సభ అయ్యాక తేదీ ఉన్న ముక్క కత్తిరించి, మిగతాది స్కూల్లోనే ఉంచాం. పంద్రాగస్టుకూ వాడుకున్నారు.

డబ్బు సగం ముందు, సగం పని చేతికొచ్చాక ఇచ్చాం. ఆర్డరు కాగితం మీద కొలతలు, రంగు, ఇవ్వాల్సిన తేదీ రాయించుకుని, సభ తేదీకి వారం ముందరి తేదీ వేయించాను. రాయి బిగించే ఖర్చు అందులో ఉందో లేదో ముందే అడగడం మంచిది. ముప్పై కిలోల దాకా తూగే పలక అది. ఉత్త గమ్ముతో కొత్త సున్నం మీద అంటిస్తే నిలవదు. గోడ పెచ్చు గీకించి, రాతికి వాడే గమ్ముతోపాటు నాలుగు మూలలా స్టీలు స్క్రూలు వేయించాం. కింద పిల్లలు తిరుగుతారు, ఇందులో రాజీ పడకూడదు.

వేసవిలో మా బ్యాచ్‌వాళ్ళే ఇంకో ఇద్దరు డబ్బు పంపారు. గోడకు బిగించిన రాయి మీద మళ్ళీ పొడి కొట్టడం కుదరదు. షాపాయన మా ఫైలు భద్రంగా దాచారు. అదే ఫాంటు, అదే అక్షరం కొలతతో, పలక వెడల్పుకు సరిపోయేలా ఆరంగుళాల పట్టీ చేయించి కింద జోడించారు. ఈసారి స్టిక్కర్ చూడటానికి యార్డుకు నేను బయల్దేరేలోపే, ఆపరేటర్ కుర్రాడు దాన్ని దగ్గరగా ఫోటో తీసి, రెండు పేర్లలోని ఒత్తుల చుట్టూ ఎర్రగా సున్నాలు చుట్టి పంపాడు.